మగ్గం గదికి వెళ్లరాదు

మా పిల్లల కోసం నేను రాసి గోడకు అంటించిన కాగితంలో మొదట ఎనిమిది రూల్స్ ఉండేవి. తొమ్మిదోది తర్వాత చేర్చాను, ఎర్ర స్కెచ్ పెన్నుతో. ఆ ఎనిమిదీ పిల్లల మంచి కోరి రాసినవి. తొమ్మిదోది కుళ్లుతో రాసింది. అసూయ అందామనుకున్నాను గానీ అది మర్యాదస్తుల మాట. నాకు కలిగింది కడుపులో మంట, నోట్లో చేదు, అన్నం సహించకపోవడం. అదీ ఎవరి మీద? నేను కొత్తకోడలిగా ఈ గడప తొక్కిన రోజు నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చిన నా తోటికోడలి మీద.

మాది గద్వాల. మధ్యలో ఒకే వాకిలి, దానికి అటూ ఇటూ రెండు కాపురాలు. ఇటు మేము నలుగురం: నేను, మా ఆయన, పదేళ్ల కూతురు, ఏడేళ్ల కొడుకు. అటు మా బావ, ఆయన భార్య. ఆవిడను నేను అక్క అంటాను, నా పిల్లలు పెద్దమ్మ అంటారు. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డకు అయిజలో పెళ్లయిపోయింది. మగ్గం గది వాళ్ల వైపే. బావ, అక్క ఇద్దరూ నేస్తారు. మా ఆయన మగ్గం వదిలేసి పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టుకున్నాడు. నేను వనపర్తిలో పెరిగాను. మాదీ నేత ఇల్లే, కానీ నేను పుట్టకముందే మా నాన్న మగ్గం అమ్మేసి కిరాణా కొట్టు పెట్టాడు. అందువల్ల నాకు బీఎడ్ వచ్చింది గానీ నాడె పట్టి నెయ్యడం రాలేదు.

పెళ్లయ్యాక ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పాను. నేను క్లాసులో ఉంటే చీమ చిటుక్కుమన్నా వినపడేది. ఆ పేరు చూసుకుని మురిసిపోయేదాన్ని. అదే బడిలో నా కూతురు నాలుగో తరగతిలో ఉండగా నోరు మూసుకుంది. మొదట టీచర్ అడిగితే చెప్పడం మానేసింది, తర్వాత పక్క పిల్లలతో మాట్లాడటం మానేసింది, చివరికి పొద్దున పుస్తకాల సంచి భుజానికి తగిలించుకోగానే వాంతి చేసుకునేది. జవాబు తప్పు చెప్పినప్పుడల్లా క్లాసంతా నవ్వేదాకా నిలబెట్టేవారట. నాకు చాలా రోజులకు తెలిసింది. నేను గోడకు ఇవతల ఇంకో క్లాసు చెప్తూనే ఉన్నాను. తెలిసిన రోజు ఒంటికాలి మీద లేచి, నోటికొచ్చినట్టు మాట్లాడి, ఉద్యోగానికి దండం పెట్టి, ఇద్దరు పిల్లల పేర్లూ కొట్టించేసి ఇంటికి వచ్చాను. ఇంట్లోనే చదివిస్తా, పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాయిస్తా అన్నాను.

మా ఆయన ఏమీ అరవలేదు. షాపు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, అన్నం తిని, అప్పుడన్నాడు.

"ఉగాది దాక చూస్త. పిల్ల నలుగుర్ల నోరు తెరిచి మాట్లాడిందా, నీ ఇష్టం. లేకుంటె నాగర్‌కర్నూల్ హాస్టల్ల ఏస్త. మా చెల్లె ఆడనే ఉంది, చూసుకుంటది."

హాస్టల్ దరఖాస్తు అదే వారం తెచ్చి బీరువాలో పెట్టాడు. నేను బీరువా తెరిచినప్పుడల్లా అది కనపడేది. పది మందిలో నోరు విప్పలేని పిల్లను వంద మందిలో పడేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఎలాగైనా ఆ కాగితం నింపకుండా చూడాలి. ఆ సంవత్సరమంతా నాకు వేరే ధ్యాస లేదు.

ధ్యాస ఉంటే సరిపోదు కదా, పద్ధతి కావాలి. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఏడింటికి స్నానం, ఎనిమిదింటికి టిఫిను, తొమ్మిదింటికి లెక్కలు, పది తర్వాత తెలుగు. పాఠం మధ్యలో లేవరాదు. నీళ్లు తాగాలంటే అడిగి తాగాలి. రాత తప్పితే ఐదుసార్లు రాయాలి. రూల్ పాటిస్తే పక్క కాగితం మీద ఆకుపచ్చ చుక్క, తప్పితే ఎర్ర చుక్క, మూడు ఎర్ర చుక్కలైతే ఆ సాయంత్రం టీవీ బంద్.

నా పప్పులు ఉడకలేదు. కొడుకు రెండో రోజే ఎర్ర చుక్కలకు కళ్లూ మీసాలూ గీసి, "అమ్మా, గీడు సార్ లెక్క ఉన్నడు" అని చూపించాడు. నవ్వు ఆపుకోలేక ఆ రోజు టీవీ పెట్టేశాను. వాడితో నాకు బాధ లేదు, వాణ్ణి తిట్టొచ్చు, తిడితే తిరిగి నవ్విస్తాడు. బాధ కూతురితోనే. అది ఎదురు చెప్పదు, పారిపోదు. పెన్సిల్ చెక్కుతుంది. చెక్కిన పెన్సిల్ మళ్లీ చెక్కుతుంది. ఒక భాగహారానికి పొద్దంతా పడుతుంది. చదవమంటే పెదవులు కదిలిస్తుంది, శబ్దం రాదు. "గట్టిగా చదువమ్మా" అని మంచిగా అంటాను, రెండోసారి కొంచెం గట్టిగా అంటాను, మూడోసారికి వాకిలి అవతలికి వినపడేలా అంటాను. అది కళ్లు దించుకుని కూర్చుంటుంది.

నా దగ్గర ఉన్నంతసేపు బెల్లం కొట్టిన రాయిలా ఉన్న పిల్ల, పాఠం అయిపోయిందనగానే చెప్పులు కూడా వేసుకోకుండా వాకిలి దాటి మగ్గం గదిలోకి పోయేది.

మొదట్లో పట్టించుకోలేదు. ఒకరోజు పిలవడానికి వెళ్లి గుమ్మం దగ్గర ఆగిపోయాను. అక్క మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. నా కూతురు పక్కన చాప మీద కూర్చుని రాట్నం మీద దారం కండెలు చుడుతోంది. చుడుతూ మాట్లాడుతోంది. గొంతు లోపలినుంచి, ధారగా. పిల్లి పిల్లల్ని పెట్టిన సంగతి, తమ్ముడు దొంగతనంగా చక్కెర తిన్న సంగతి, కలలో ఏనుగు వచ్చిన సంగతి. అక్క నాడె విసురుతూ "ఊ... ఊ... ఆఁ, మల్ల?" అంటోంది. అంతే. ఇంకో మాట లేదు. మధ్యలో ఒక కండె వదులుగా వచ్చినట్టుంది, అక్క దాన్ని వేలితో నొక్కి చూసి పక్కన పెట్టింది. నా కూతురు చూసింది. తనే తీసుకుని మొత్తం విప్పి మళ్లీ చుట్టింది. ఎవరూ ఐదుసార్లు చుట్టమని చెప్పలేదు.

నేను పిలవకుండానే తిరిగొచ్చాను. వంటింట్లో నిలబడి చెంబెడు నీళ్లు తాగాను. నా బిడ్డ మాట్లాడుతోందని సంతోషించాలి కదా? రాలేదు సంతోషం. ఎనిమిదేళ్లు పిల్లలకు చదువు చెప్పినదాన్ని, కన్నదాన్ని, దాని కోసం ఉద్యోగం వదిలినదాన్ని నేను. నా దగ్గర పెదవులు కదిలించే పిల్లకు సంతకం కూడా రాని మనిషి దగ్గర మాటలు ఎలా వచ్చాయి? ఆ రోజునుంచి అక్క ఏం చేసినా నాకు ఒళ్లు మండటం మొదలైంది. ఆమె నవ్వితే మంట. ఊరికే మా పిల్లలకు బొరుగుల ఉగ్గాని పంపితే మంట. ఆ ఉగ్గాని నేను చేసినదానికన్నా బాగుందని కొడుకు అంటే ఇంకా మంట.

ఆ గదికి రాయని రూల్స్ చాలా ఉండేవని కూడా గమనించాను. చేతులు కడుక్కోకుండా ఎవరూ పట్టు ముట్టరు. మగ్గానికి బిగించిన పడుగు దారాల మీదుగా దాటరు. తింటూ లోపలికి రారు. ఇవి ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తెలియదు. నా కొడుకు, నా టేబుల్ మీద సాంబారు ఒలకబోసే వెధవ, ఆ గదిలోకి పోయేముందు నల్లా దగ్గర మోచేతుల దాకా కడుక్కునేవాడు. చూసి చూసి ఒకరోజు అక్కనే అడిగేశాను. నవ్వుతూనే అడిగాను, కానీ ఆ నవ్వు నాకే అంటుకోలేదు.

"ఏం మందు పెట్టినవ్ అక్కా నా పిల్లలకు?"

"మందేంది చెల్లె. వస్తరు, కూసుంటరు, పోతరు. నేనేమన్న పిలుస్తనా?"

అదే నాకు గుచ్చుకుంది. నేను గంట కొట్టినట్టు పిలుస్తాను, ఎవరూ రారు. ఆమె పిలవదు.

ఆ మాఘమాసంలో ఒక శనివారం అందరం కలిసి బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గరికి వెళ్లాం. దర్శనమయ్యాక కృష్ణ ఒడ్డుకు దిగాం. మెట్ల మీద నాచు ఉంది. నేను చెయ్యి చాపాను. నా కూతురు నా ముందునుంచే పోయి పెద్దమ్మ కొంగు పట్టుకుని దిగింది. సరే, పోనీ అనుకున్నాను. పైకి వచ్చాక పూలమ్మే ఆమె నా కూతురి జడ చూసి, అక్కతో, "మీ పాపనా అమ్మా? జుట్టు ఎంత ఒత్తుగుంది" అంది. అక్క పూలు తీసుకుంటూ, "అవ్, మా బిడ్డనే" అని దాని తలలో పెట్టింది.

మా వైపు పెద్దమ్మలు అట్లాగే అంటారు. మా అమ్మ కూడా తన అక్క పిల్లల్ని నా పిల్లలే అంటుంది. నాకు తెలియని సంగతి కాదు. అయినా పక్కనే మూడడుగుల దూరంలో నేను నిలబడి ఉన్నాను. ఆ జుట్టుకు నూనె పెట్టి, పేలు తీసి, చిక్కు విప్పి, ఆ పొద్దున జడ వేసింది నేను. ఆటోలో ఎర్రవల్లి చౌరస్తా దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆయన తల నొప్పా అని అడిగితే అవునన్నాను. ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా ఎర్ర స్కెచ్ పెన్ను తీసి రాశాను. తొమ్మిది: పాఠాలన్నీ పూర్తయ్యేదాకా మగ్గం గదికి వెళ్లరాదు.

కూతురు చదివింది. పెదవులు కదలకుండా, కళ్లతోనే.

పాఠాలన్నీ పూర్తి కాకుండా చూసుకోవడం నా చేతిలోని పనే. ఆ వారం నుంచి లెక్కలు పెరిగాయి, కాపీ రాత పెరిగింది. నాలుగింటికి అయ్యేవి ఆరింటికి కూడా అవ్వలేదు. అక్క వాకిట్లో ఎదురుపడితే, "పిల్ల వస్తలేదేంది చెల్లె, పానం బాగలేదా?" అని అడిగింది. "చదువుకుంటుంది అక్కా. ఉగాది దగ్గర పడ్డది కదా" అన్నాను. అబద్ధం కాదు. అందుకే అంత హాయిగా అనగలిగాను.

అప్పుడు కొత్త పడుగు వచ్చింది.

నేత ఇళ్లల్లో పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాన్ని పూర్తిగా తీసెయ్యరు. మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెడతారు. దాన్ని అతకడం అంటారు. వేల పోగులు. వరుస తప్పకుండా మధ్యలో వెదురు పుల్లలు దూర్చి ఉంచుతారు. పుల్ల జారిందంటే పోగులన్నీ కలగాపులగమే. ఒకరు పోగు ఏరి అందిస్తే ఇంకొకరు మెలిపెడతారు. ఒక దఫా మొదలుపెట్టాక అది ముగిసేదాకా కూర్చున్నవాళ్లు లేవరు, బయటివాళ్లు పిలవరు. తలుపు సగం దగ్గరకు వేసి ఉంటే లోపల అతుకుతున్నారని అర్థం. గ్యాస్ సిలిండర్ వచ్చినా, చుట్టాలు వచ్చినా ఆ తలుపు దగ్గర గొంతు ఎత్తరు. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నాను. నాకంటే ముందు నా కొడుకు నేర్చుకున్నాడు ఆ సంగతి.

ఆ పొద్దున నేను మార్కెట్‌కు పోయి వచ్చేసరికి తొమ్మిది దాటింది. టేబుల్ మీద లెక్కల పుస్తకం మూసి ఉంది. కొడుకు ఒక్కడే కూర్చుని పలక మీద ఆటో గీస్తున్నాడు.

"అక్క ఏదిరా?"

"పెద్దమ్మ దగ్గర. పెద్దనాయినకు కన్ను ఎర్రగైంది, దవాఖానకు పోయిండు. పోగులందియ్యనీకె ఎవ్వరు లేరని అక్క పోయింది."

అంటే పిలిచారా అని అడిగాను. లేదు, అదే పోయిందన్నాడు. పిలిచి ఉంటే బహుశా అంత కోపం వచ్చేది కాదు.

కూరగాయల సంచి అక్కడే పడేసి వాకిలి దాటాను. తలుపు సగం వేసి ఉంది. నేను చూశాను. చూడలేదని ఎవరికైనా చెప్పొచ్చు, ఇక్కడ మాత్రం చెప్పను. తలుపు తోసి, "లే. తొమ్మిదో రూల్ ఏందో చదివినవా లేదా?" అన్నాను. అక్క తల ఎత్తకుండానే, "జర ఆగు చెల్లె, ఇంకింత ఉంది" అంది మెల్లగా. ఆ మెల్లదనానికి నాకు ఇంకా రేగింది. వంగి కూతురి రెక్క పట్టుకుని లేపాను. పిల్ల ఉలిక్కిపడింది. దాని మోకాలు తగిలి వెదురు పుల్ల జారి చాప మీద పడింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపబోయింది, పోగులు ఇంకా చిక్కుపడ్డాయి.

నా కూతురు ఆ పోగుల వైపు చూసి ఏడ్చింది. శబ్దం లేకుండా, పెదవులతో. అక్క బూడిద వేళ్లు చీరకు తుడుచుకుని పుల్ల చేతిలోకి తీసుకుంది. "పో బిడ్డా, చదువుకో పో" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే ఎంత బాగుండేదో.

ఆ వరుస మళ్లీ సరిచేయడానికి వాళ్లకు రెండు రోజులు పట్టింది. తమ్ముడి భార్యనని బావ నాతో ఎప్పుడూ నేరుగా మాట్లాడరు. ఆ రోజూ మాట్లాడలేదు. కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని వాకిట్లో నిలబడి, నాకు వినపడేటట్టు అక్కతో అన్నారు.

"పిల్లలను ఇగ మగ్గం కాడికి రానియ్యకు. ఆళ్ల చదువు ఖరాబైతున్నదంట."

అక్క సరేనంది. నా తొమ్మిదో రూల్ నేను రాసినదానికన్నా గట్టిగా అమల్లోకి వచ్చింది. సిగ్గుపడాల్సిన చోట లోపలెక్కడో ఊపిరి తీసుకున్నాను. గెలిచాను అనిపించింది.

గెలిచాను కూడా. మర్నాటినుంచి నా కూతురు ఏడింటికి స్నానం చేసింది, తొమ్మిదికి ముందే టేబుల్ దగ్గర కూర్చుంది. పెన్సిల్ ఒక్కసారే చెక్కింది. భాగహారాలు వరుసగా చేసింది. తప్పు వస్తే నేను చెప్పకముందే ఐదుసార్లు రాసింది. కాగితం నిండా ఆకుపచ్చ చుక్కలు. వనపర్తికి ఫోన్ చేసి మా అమ్మతో, "చూసినవా, పద్ధతి ఉంటే పిల్లలు ఎందుకు వినరు" అని గొప్పలు పోయాను. మగ్గం చప్పుడు వినపడుతుంటే ఇంకొంచెం గట్టిగా అన్నాను. వాకిలి అవతలికి పోవాలి కదా మాట.

పది రోజులో, పన్నెండు రోజులో గడిచాయి. ఒకరోజు తెలుగు పాఠం చెప్తున్నాను. నా కూతురు చూపుడు వేలు పైకెత్తింది. ఏమిటన్నట్టు చూశాను. లేచి నిలబడి, తల దించుకుని అడిగింది.

"మేడం, నీళ్లు తాగొచ్చా?"

తమ్ముడు పకపకా నవ్వాడు. వెక్కిరిస్తోందేమోనని దాని ముఖంలోకి చూశాను. వెక్కిరింపు లేదు. తను ఏమందో దానికే తెలియలేదు. కుండ నాలుగడుగుల దూరంలో ఉంది, దాని సొంత ఇంట్లో. ఆ పది పన్నెండు రోజుల్లో అది నాతో మాట్లాడిన మాటలు లెక్కపెట్టుకుంటే అవీ ఇట్లాంటివే. తాగొచ్చా, పోవచ్చా, అయిపోయింది. తాగు అన్నాను. తాగి వచ్చి కూర్చుంది. నేను ఎంత పేరున్న మేడంనో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. గోడ అవతలి బడిని ఇంట్లోకి తెచ్చి, టిఫిన్ కూడా పెడుతున్నాను.

అయినా ఆ రోజే పోయి అక్క కాళ్లు పట్టుకున్నానా? లేదు. కుళ్లు అంత తొందరగా వదులుతుందా. ఇంకో వారం చూద్దామనుకున్నాను. నా దగ్గరే, నాతోనే మాట్లాడించాలి అనుకున్నాను. గవ్వలాట ఆడించాను, బతిమాలాను, ఐస్‌క్రీం తెచ్చాను. అది ఐస్‌క్రీం తిని, "థాంక్యూ" అని కప్పు కడిగి పెట్టింది.

ఉగాది వారం ఉందనగా మా ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చి, కూతురు నోట్‌బుక్ తిప్పి చూశాడు. చుక్కల కాగితం చూశాడు. ముఖం విప్పారింది.

"మంచిగ లైన్ల పెట్టినవ్. గిట్ల చెప్పినట్టు వింటె హాస్టల్ల ఏం పరేషాన్ లేదు. మాట్లాడుడేముంది, ఆడ పిల్లలల్ల పడితె అదే వస్తది. ఫారం తీ, నింపుదం."

ఏ హాస్టల్‌కు పంపొద్దని ఇన్ని రూల్స్ రాశానో, ఆ హాస్టల్‌కు సరిగ్గా సరిపోయేటట్టు తయారు చేసి పెట్టాను. బీరువా తెరవడానికి లేచాను. తెరవలేదు. ఫారం నింపకుండా ఆపాలంటే నిజం చెప్పాలి, ఆ నిజం చెప్తే నా పేరు పోతుంది. అంతకంటే ఎక్కువగా, అక్కకు పేరు వస్తుంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో కూడా నాకు రెండోదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

"అది లైన్ల పడలేదు. నన్ను చూసి భయపడుతుంది" అన్నాను.

"ఏందీ?"

"నా దగ్గర నోరు తెరవదు. మగ్గం దగ్గరైతే వాగుతనే ఉంటది. నేనే బంద్ చేయించిన. నాకు కుళ్లు పుట్టింది అక్క మీద."

ఈ మాటలు నేను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చాయి. వాకిలి అవతల మగ్గం చప్పుడు ఆగింది. అక్క గుమ్మంలోకి వచ్చింది, వెనక బావ. మా ఆయన ఎవరి ముఖం చూడాలో తెలియక అన్నం కలుపుతూ కూర్చున్నాడు. అక్క నన్నే చూసింది. కోపంగా కాదు, జాలిగా కూడా కాదు. నాకు ఇన్నాళ్లుగా ఇది తెలుసులే అన్నట్టు చూసింది. నేను ఆమె వైపు తిరిగి, "రేపటి నుంచి పిల్లను పంపిస్త అక్కా. పొద్దున నీ దగ్గర, మధ్యాహ్నం నా దగ్గర. నువ్వు ఒప్పుకుంటెనే" అన్నాను.

"నన్నడుగుతవేంది చెల్లె, పిల్లనడుగు" అంది అక్క.

నిజమే, ఆ సంవత్సరమంతా పిల్లను నేను ఒక్క మాట అడగలేదు. ఉద్యోగం మానేటప్పుడు అడగలేదు, తొమ్మిది రూల్స్ రాసేటప్పుడు అడగలేదు. మా ఆయన చెయ్యి కడుక్కుని, కూతుర్ని దగ్గరికి పిలిచాడు. ఆయనకు ఇదంతా తేలిపోవాలి, షాపుకు పోవాలి.

"ఏం బిడ్డా, హాస్టల్‌కు పోతవా? ఇంట్ల ఉంటవా? ఎవరి దగ్గరుంటవో చెప్పు. భయం లేదు."

నలుగురు పెద్దవాళ్లం నిలబడి ఉన్నాం. తల దించుకుంటుందనుకున్నాను, పెదవులు కదిలిస్తుందనుకున్నాను. అది తండ్రి ముఖంలోకి చూసింది. తర్వాత నన్ను చూసింది, కొంచెంసేపు. తడబడకుండా, నసగకుండా, వాకిట్లో వీధి తలుపు దాకా వినపడే గొంతుతో చెప్పింది.

"పెద్దమ్మ దగ్గర."

మా ఆయన గట్టిగా నవ్వి, "మాట్లాడింది, ఇంకేంది మల్ల" అని దాని వీపు తట్టాడు. దరఖాస్తు సంగతి మళ్లీ ఎత్తలేదు. నలుగురిలో నోరు తెరవాలన్నాడు, తెరిచింది. ఏడాది పొడుగునా నేను దేవుళ్లందరికీ మొక్కింది అందుకే. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడుస్తోందని వాళ్లు అనుకున్నారు, అక్క తప్ప. అక్క లోపలికి రాలేదు.